పొడుగోడి చేతిలో కత్తి

చివరి ఫోటో తెరవగానే డిజైనరక్క చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది. అది ఆమె తమ్ముడి ఫోటో. మేడ మీద ఆరేసిన దుప్పటి ముందు నిలబడి, ఎండకు కళ్ళు చిట్లించి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. ఆ ఫోటో తీసింది ఆమే.

"అక్కా, నవ్వు తీసెయ్," అన్నాడు కుర్చీ వెనక నిలబడ్డ గెడ్డం. "అందరికీ తీసెయ్. కళ్ళు కొంచెం ఎర్రగా పెట్టు."

గెడ్డం తమ్ముడి స్నేహితుడు. ఇంకా పూర్తిగా రాని గెడ్డాన్ని రోజంతా నిమురుకుంటూ ఉంటాడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. ఆమెను మాత్రం చుట్టుపక్కల కుర్రాళ్ళంతా డిజైనరక్క అంటారు. వీధి మొగలో ఉన్న ఫ్లెక్సీ షాపులో కంప్యూటర్ ముందు కూర్చునేది ఆమే. పుట్టినరోజైనా, ఆటలో గెలుపైనా, చావైనా ఆ కుర్రాళ్ళ ముఖాలు ఆమె చేతుల మీదుగానే గోడలెక్కాలి.

నవ్వు తీయడం ఆమెకు కొత్తేమీ కాదు. కింది పెదవిని కొంచెం పైకి లాగి పళ్ళు కప్పెయ్యాలి. కనుబొమలు రెండూ ముక్కు దగ్గరికి దించాలి. బుగ్గల కింద నీడ వెయ్యాలి. పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళ దగ్గర కోపంగా ఉన్న ఫోటోలు ఎక్కడుంటాయి? ఉన్నవన్నీ ఇకిలిస్తున్నవే. కోపం కావాలంటే షాపుకొచ్చి వేయించుకోవాల్సిందే. ఇన్నాళ్ళూ ఆమె ఈ పనిని సరదాగానే చేసింది, పెళ్ళికూతురి ముఖం మీద మొటిమలు తీసినంత తేలిగ్గా.

"ఏం రాయాలి?" అని అడిగింది.

"మా పొడుగోడి రక్తానికి బదులు తీరుస్తాం, అని. పెద్దక్షరాలు. చుట్టూ మంటలు."

పొడుగోడు హాస్పిటల్లో ఉన్న సంగతి ఆమెకు తెలుసు. వెనక వీధి కుర్రాళ్ళు దారి కాచి కొట్టారని తమ్ముడు చెప్పాడు. ఎందుకు కొట్టారంటే మాత్రం నోరు మెదపలేదు.

"ఇది ఎప్పుడు కడతారు?"

"ఆదివారం పొద్దున్న. సాయంత్రం గ్రౌండులో తేల్చుకుంటాం. ఫ్లెక్సీ చూసి వాళ్ళకి ముందే చెమటలు పట్టాలి."

"మావాడు కూడా వస్తున్నాడా?"

"వాడే ముందు అక్కా. వాడూ పొడుగోడూ ఒకే కంచంలో తిన్నారు కదా. మొదటి దెబ్బ వాడిదే." గెడ్డం ఈ మాట ఏదో బహుమతి ప్రకటించినట్టు చెప్పాడు.

 గెడ్డం వెళ్ళాక ఆమె ఓనరు దగ్గరికి వెళ్ళి, ఈ ఆర్డరు వద్దండీ అంది. ఓనరు ప్రింటరు మూత తెరిచి ఇంకు మరకలు తుడుస్తున్నాడు. కన్న పిల్లల్ని కూడా అంత జాగ్రత్తగా తుడిచి ఉండడు.

"మనం కాదంటే పక్క షాపువాడు కొడతాడు. మంటలు ఇంకొంచెం ఎక్కువ పెట్టి మరీ కొడతాడు," అన్నాడు. "అయినా వెనక వీధి వాళ్ళు కూడా ఆర్డరిచ్చి వెళ్ళారు పొద్దున. వీళ్ళ ఫ్లెక్సీకి జవాబుగా వాళ్ళ ఫ్లెక్సీ. వీళ్ళది ఇంకా కట్టనే లేదు, అప్పుడే జవాబు! నేనేం చెయ్యను, పోలీసునా?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆమె తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుని తమ్ముడి చెవి చుట్టూ గీత గియ్యడం మొదలుపెట్టింది. ఎవరి ఫోటో కత్తిరించినా చెవి దగ్గరే కష్టం, వెంట్రుకలు అడ్డం వస్తాయి. సగం చెవి దాకా వచ్చి ఆపేసింది.

*

మర్నాడు భోజనాల వేళ హాస్పిటల్‌కి వెళ్ళింది. పొడుగోడి కాళ్ళు మంచం దాటి బయటికి వేలాడుతున్నాయి. తలకు కట్టు, కుడిచేతికి పిండికట్టు. పక్కన వాళ్ళమ్మ బత్తాయి తొనలు ఒలిచి ఒక్కొక్కటే వాడి నోట్లో పెడుతోంది. ఆమెను చూడగానే జరిగి స్టూలు చూపించింది.

"నువ్వైనా చెప్పమ్మా. కంప్యూటర్ల ముందు కూర్చునేదానివి, నీకు నాలుగు విషయాలు తెలుస్తాయి. వీడికి కత్తి ఎక్కడిది? మా ఇంట్లో ఉల్లిపాయలు కోసుకునే చాకు కూడా మొండిది. చేతిలో ఇంత కత్తి పట్టుకుని మా వీధి మీదికి చూపించాడు, అందుకే కొట్టాం అన్నారట వాళ్ళు. వీడికి కత్తి ఎవరిచ్చారు?"

 పొడుగోడు పైకప్పు వంక చూస్తున్నాడు.

"నేనే పిన్నీ," అంది డిజైనరక్క.

క్రితం నెల వాడి పుట్టినరోజుకి గెడ్డం ఫ్లెక్సీ చేయించాడు. పొడుగోడు పనిచేసేది బండ్లు కడిగే షెడ్డులో. తడిసిన నిక్కరుతో, చేతిలో నీళ్ళ పైపు పట్టుకుని, నోరంతా తెరిచి నవ్వుతున్న ఫోటో ఒక్కటే దొరికింది. పైపు బాగాలేదు, ఏదైనా పెట్టు అన్నాడు గెడ్డం. పైపు పట్టుకున్న పిడికిలి కత్తి పిడికి సరిగ్గా సరిపోయింది. వేళ్ళ మధ్య నీడ కూడా అతికినట్టు కుదిరింది. ఆ రోజు తన పనితనాన్ని తనే మెచ్చుకుంది. ఆ ఫ్లెక్సీని గెడ్డం వాళ్ళు తీసుకెళ్ళి వెనక వీధి ఎదురుగా ఉన్న స్తంభానికి కట్టారు, కత్తి మొన ఆ వీధి వైపు ఉండేట్టు.

 చెప్పిందంతా విని పొడుగోడి తల్లి చేతిలో తొనను పళ్ళెంలో పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంది.

"అంటే అసలు కత్తే లేదా?"

"లేదు పిన్నీ. ఫోటోలో వేసింది."

"ఎందుకు వేశావమ్మా?"

"అడిగారు."

"అడిగితే వేసేస్తావా?"

ఆవిడ గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది డిజైనరక్కకు.

"అమ్మా, ఊరుకో," అన్నాడు పొడుగోడు. "వాళ్ళు నన్ను ముందు అడిగారు. ఏదిరా నీ కత్తి, అన్నారు. ఇంట్లో ఉందన్నాను."

"ఇంట్లో ఉందన్నావా? లేదని చెప్తే వదిలేసేవాళ్ళేమో కదరా!"

"వదిలేసేవాళ్ళే. నవ్వి వదిలేసేవాళ్ళు. పైపు పట్టుకున్నోడికి కత్తి పెట్టారని ఊరంతా నవ్వేది. దానికంటే ఇది నయం." పిండికట్టు వేసిన చెయ్యి కొంచెం ఎత్తి చూపించాడు. వాడి ముఖంలో నిజంగానే కాస్త గర్వం ఉంది. తల్లి రెండు చేతులతో తల పట్టుకుంది.

డిజైనరక్క మంచం దగ్గరికి వంగింది. "ఆదివారం మా తమ్ముడు మొదటి దెబ్బ కొడతాడట, నీ కోసం. ఆ తర్వాత వాణ్ణి కూడా ఇక్కడికే తెస్తారు, లేకపోతే వాడి వల్ల ఇంకొకణ్ణి తెస్తారు. అది ఎడిటింగని నేను వాళ్ళకి చెప్తాను."

"వద్దక్కా. నీకు దణ్ణం పెడతాను."

"ఎడమచేత్తో పెడతావా? కుడిది లేవదుగా."

వాడికి నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగినట్టున్నాయి, వెంటనే ముఖం ముడుచుకున్నాడు. గోడ వైపు తిరిగి కాసేపు పడుకున్నాడు. వాళ్ళమ్మ వాడి భుజం మీద చెయ్యి వేసి, చెప్పనియ్యరా అంది. చివరికి గోడకే చెప్పాడు.

"సరే చెప్పు. నిక్కరు మాత్రం కనపడనీకు."

*

ఇంటికొచ్చేసరికి తమ్ముడు ఆదివారానికని నీలం చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. కాలరు మడతలు ఆదుర్దా లేకుండా, పెళ్ళికి వెళ్ళేవాడిలా దిద్దుకుంటున్నాడు. అమ్మ వంటింట్లో గిన్నెలు తోముతోంది.

"కత్తి నేను పెట్టిందేనని నీకు తెలుసు కదా?"

"తెలుసు. మాకందరికీ తెలుసు. వాళ్ళకే తెలీదు."

"చెప్తే గొడవే ఉండదు కదరా!"

"చెప్తే మా పరువు ఉండదు." ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఆమె వైపు తిరిగాడు. "నేను వెళ్ళకపోతే రేపట్నుంచి ఈ వీధిలో ముఖం ఎక్కడ పెట్టుకోను? నీకు అర్థం కాదక్కా."

"నీకు వెళ్ళాలని ఉందా?"

 వాడు ఇస్త్రీ చేసిన చొక్కా చేతినే మళ్ళీ ఇస్త్రీ చేశాడు.  వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది, కాసేపటికి మళ్ళీ మొదలైంది.

*

ఆ షాపులో ఒక నియమం ఉంది. ఫ్లెక్సీలో ఎవరెవరి ముఖాలుంటే వాళ్ళంతా స్వయంగా వచ్చి, తెర మీద చూసుకుని సరే అనాలి. దాన్ని ప్రూఫ్ చూడటం అంటారు. ఒకసారి విడిపోయిన స్నేహితుల్ని ఓనరు పొరపాటున పక్కపక్కన వేసి ప్రింటు కొట్టేశాడు. వాళ్ళొచ్చి తలుపు అద్దం పగలగొట్టి వెళ్ళారు. అప్పటినుంచి ఎంత తొందరైనా ప్రూఫ్ చూడందే ప్రింటు లేదు.

డిజైనరక్క రెండు వీధుల వాళ్ళకీ శనివారం మధ్యాహ్నం ఒకే సమయం ఇచ్చింది.

ముందు గెడ్డం, తమ్ముడు, వాళ్ళ జట్టు వచ్చారు. వాళ్ళు సర్దుకుని నిలబడేలోపే తలుపు తోసుకుని వెనక వీధి వాళ్ళు వచ్చారు. ముందున్నవాణ్ణి పులి అంటారు. ఆ పేరూ ఆమె పుణ్యమే. ఒకసారి వాడి పక్కన పులిబొమ్మ పెట్టి ఫ్లెక్సీ చేసింది, అప్పట్నుంచి సొంత తల్లి కూడా వాణ్ణి అలాగే పిలుస్తోందట. ఓనరు టీ తాగుతున్నవాడల్లా లేచి నిలబడ్డాడు.

"ఇద్దర్నీ ఒకేసారి పిలిచావా? నీకేమైనా పిచ్చా? అద్దం కొత్తది!" అని గొణిగి, ప్రింటరుకి వీపు ఆనించి చేతులు చాపుకుని నిలబడ్డాడు.

గదిలో గాలి ఆడలేదు. గెడ్డం అప్పుడే చొక్కా చేతులు పైకి మడుస్తున్నాడు.

"కొట్టుకునేదేదో రేపు ఎలాగూ ఉందిగా. ఇవాళ ప్రూఫ్ చూసుకుని పొండి," అంది డిజైనరక్క.  పొడుగోడి పుట్టినరోజు ఫ్లెక్సీ తెర మీదికి తెచ్చింది. "ఒక ఫోటో అంటే ఒకటే కాదు. ఒకదాని మీద ఒకటి పొరలు పొరలుగా వేస్తాం. ఇదిగో, ఈ కంటి గుర్తు నొక్కితే ఆ పొర పోతుంది."

మంటలు పోయాయి. ఎర్రటి మేఘాలు పోయాయి. కోపంగా ఉన్న కనుబొమలు పోయి పొడుగోడి నవ్వు బయటపడింది. చివరికి కత్తి పోయింది. నీళ్ళు కారుతున్న పైపు ఉంది. మాట ఇచ్చినందుకు నిక్కరు కనపడకుండా ఫోటో నడుము దాకానే ఉంచింది.

 పులి తెర దగ్గరికి వచ్చాడు. అద్దంలో తన ముఖం చూసుకునేంత దగ్గరగా వంగాడు.

"పైపా?" అన్నాడు.

"పైపే. కత్తి నేను పెట్టాను."

"మరి ఇంట్లో ఉందన్నాడే?"

"మీరు నవ్వుతారని."

పులి వెనకున్నవాడొకడు నిజంగానే కిసుక్కుమన్నాడు. పులి వెనక్కి తిరిగి చూసిన చూపుకి వాడి నవ్వు గొంతులోనే ఉండిపోయింది. ఆమె ఇంక ఆగలేదు. పులి ఆర్డరిచ్చిన ఫ్లెక్సీ తెరిచింది. పులిబొమ్మ పోయింది, మెరుపులు పోయాయి. తెగ్గోసిన భుజం పక్కన ఒక ముసలావిడ వచ్చింది. పులి ఆవిడ మెడ చుట్టూ చెయ్యేసి నిలబడి ఉన్నాడు. వాళ్ళ నాయనమ్మ. ఆవిణ్ణి కత్తిరించింది కూడా డిజైనరక్కే. నాయనమ్మ ఉన్న ఫోటో పంపి, ముసల్దాన్ని తీసెయ్యమన్నది వాళ్ళే.

"మీ అందరివీ ఇలాగే ఉన్నాయి. ఒక్కడి ఫోటోలో కూడా కోపం లేదు. అంతా నేను వేసిందే. ఇంక వెయ్యను."

గెడ్డానికి ఒళ్ళు మండిపోయింది. "పిలిచి మరీ వాళ్ళ ముందు పరువు తీస్తావా అక్కా? ఫ్లెక్సీ వద్దు, ఏం వద్దు. ఫ్లెక్సీ లేకపోయినా పొడుగోడి తల పగిలింది పగిలినట్టే ఉంది. రేపు గ్రౌండుకి రండిరా," అని తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు. వెనక వీధి వాళ్ళు కూడా వస్తాం వస్తాం అని అరిచారు. పులి ఒక్కడూ అరవలేదు. తమ్ముడు ఆమె ముఖం చూడకుండా బయటికి నడిచాడు.

అద్దం పగల్లేదని ఓనరు ఊపిరి పీల్చుకున్నాడు. ఆమెకు మాత్రం ఏడుపొచ్చింది. ఉన్నది ఉన్నట్టు చూపిస్తే చాలు అనుకుంది. చూపించాక కూడా ఆదివారం అలాగే ఉంది.

*

ఆదివారం సాయంత్రం తమ్ముడు నీలం చొక్కా వేసుకుని చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. నిన్నటినుంచి అక్కతో ఒక్క మాట లేదు. అమ్మ గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"చిన్నప్పుడు ఎవడైనా కొడితే ఏడుస్తూ వచ్చేవాడివి," అంది. "కొట్టించుకుని వచ్చావా, పో, కొట్టి రా అని తలుపేసేదాన్ని. గుర్తుందా?"

"ఇప్పుడదెందుకమ్మా?"

"మీ నాన్న లేడు, పిల్లాడు మెత్తబడిపోతాడేమో అని భయంతో అనేదాన్ని. ఆ మాట మర్చిపో. దెబ్బలు తిని వచ్చినా, పారిపోయి వచ్చినా నాకు ఫర్వాలేదు. ఇంటికి రా, అంతే."

ఆవిడ పక్కకి తప్పుకుంది. వాడు ఒక్క క్షణం ఆగి, తల వంచుకుని వెళ్ళిపోయాడు. బయట గెడ్డం బండి స్టార్ట్ చేసి ఉంచాడు.

డిజైనరక్క వెనకాలే బయల్దేరింది. బండిని నడిచి అందుకునేదెలాగూ లేదు, అయినా దాదాపు పరిగెత్తింది. గ్రౌండు చేరేసరికి అక్కడ జట్లూ లేవు, కేకలూ లేవు. చిన్నపిల్లలు బంతి ఆడుకుంటున్నారు.

"ఇక్కడ పెద్దోళ్ళు గొడవపడ్డారా?" అని ఒకణ్ణి ఆపింది.

"అయిపోయిందక్కా. ఒకన్నకి నెత్తురొచ్చింది. బండి మీద తీసుకెళ్ళిపోయారు."

"ఎవరికి?"

"తెలీదు. నీలం చొక్కా."

ఆ తర్వాత ఇంటిదాకా ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు. దారిలో ఎవరో పలకరించారు, పలకలేదు. మెట్ల కింద ఎప్పుడూ చూడని బండి ఆగి ఉంది. గుమ్మంలో కొత్త బూట్లు ఉన్నాయి.

లోపల తమ్ముడు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కింది పెదవి చిట్లి వాచింది. అమ్మ గుడ్డలో ఐసుముక్క చుట్టి అద్దుతోంది. గోడకి ఆనుకుని, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు పులి నిలబడి ఉన్నాడు.

డిజైనరక్క ఒక్క అంగలో వాడి మీదికి వెళ్ళింది. "నువ్వేనా కొట్టింది?"

"వాడు కాదు," అన్నాడు తమ్ముడు. "గెడ్డం."

వాచిన పెదవితో మాట ముద్దగా వస్తోంది. ఆగి ఆగి చెప్పాడు. గ్రౌండులో తమ్ముణ్ణి ముందుకి తోశారు. ఎదురుగా పులి ఉన్నాడు. పులి చేతులు కిందికి వదిలేసి, కొట్టు, నేను చెయ్యెత్తను, మీవాడి విషయంలో తప్పు నాదే అన్నాడు. వెనకనుంచి గెడ్డం, కొట్టరా, కొట్టరా అని అరుస్తున్నాడు. తమ్ముడు చెయ్యెత్తాడు కూడా.

"ఎత్తాక దించడం రాలేదక్కా. అందరూ చూస్తున్నారు. చివరికి వెనక్కి తిరిగి, పొడుగోడి చేతిలో ఉన్నది పైపురా, పదండి ఇంటికి పోదాం అన్నాను. గెడ్డం నా మూతి మీద లాగి ఒక్కటిచ్చాడు. ఇచ్చాక వాడే బిత్తరపోయాడు. వాడికే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి."

"తర్వాత?"

"తర్వాతేముంది. ఒక్కొక్కడూ జారుకున్నాడు. కళ్ళు తిరుగుతున్నాయంటే ఇతను బండెక్కించుకున్నాడు."

అమ్మ గుడ్డ తీసి గాయం చూసి మళ్ళీ అద్దింది. అప్పుడు తలెత్తి పులిని అడిగింది.

"నువ్వేనా బాబూ, పొడుగోణ్ణి కొట్టింది?"

"నేనేనండీ," అన్నాడు పులి. "ఇంకో ఇద్దరున్నారు. కర్ర మాత్రం నా చేతిలోనే ఉంది."

 పొడుగోడు చిన్నప్పటినుంచీ ఆ ఇంట్లో తిరిగినవాడు. ఆవిడ ముఖంలో కోపం కనిపించింది, దాన్ని దాచుకోలేదు కూడా. ఐసు గుడ్డ కూతురి చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళింది. ఇద్దరికీ కంచాలు పెట్టి అన్నం వడ్డించింది.

"నువ్వు చేసింది మంచి పని కాదు," అంది పులితో. "కూర్చో."

పులి కూర్చున్నాడు గానీ కంచంలో చెయ్యి పెట్టలేదు.

"అక్కా, రేపు హాస్పిటల్‌కి వెళ్దామనుకుంటున్నా. వాళ్ళమ్మగారికి కనపడాలి. మీరు కూడా వస్తారా?"

"దారి తెలుసుగా," అన్నాడు తమ్ముడు. "నువ్వు వెళ్ళొచ్చుగా."

"భయంగా ఉంది," అన్నాడు పులి.

ఇన్నేళ్ళలో తన కుర్చీ వెనక నిలబడి ఎంతమంది కుర్రాళ్ళు ఎన్ని మాటలు రాయమన్నారో డిజైనరక్కకు లెక్క లేదు. ఈ మాట మాత్రం ఎవరూ అనలేదు.  తమ్ముడు మంచినీళ్ళ గ్లాసు పులి వైపు జరిపాడు.

"వాళ్ళమ్మగారు పోలీస్ స్టేషన్‌కి పదమంటే?" అని అడిగాడు పులి.

"పదమంటే వెళ్దాం. అక్కడ నేను కూడా చెప్పాల్సింది ఉంది," అంది డిజైనరక్క. "పొద్దున్నే వచ్చెయ్. ముందు తిను."